వైడాల్ రిపోర్టులో ఓ, హెచ్ ఉన్నాయి. బ్యాక్టీరియా బొమ్మలో అవి ఎక్కడ?

శ్రీలక్ష్మి_తెనాలి | సోమవారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. పన్నెండు రోజులుగా జ్వరం. బ్లడ్ కల్చర్‌లో టైఫాయిడ్ అని తేలింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్లు చేసి, మాత్రలు రాసి నిన్న ఇంటికి పంపారు. ఇప్పుడు ఫర్వాలేదు, మజ్జిగన్నం తింటోంది.

మంచం మీద పడుకుని బోటనీ పుస్తకం తిరగేస్తూ, పక్కనున్న వైడాల్ (టైఫాయిడ్ రక్తపరీక్ష) రిపోర్టు తీసి అడిగింది: "అమ్మా, ఇందులో టైఫై ఓ 1:160, టైఫై హెచ్ 1:320 అని ఉంది. మా పుస్తకంలో బ్యాక్టీరియా బొమ్మ ఉంది. ఈ ఓ, ఈ హెచ్ బొమ్మలో ఎక్కడున్నాయి?"

నేను బీకాం. నాకేం తెలుసు చెప్పండి. డాక్టరు గారిని అడుగుదామంటే బయట యాభై మంది కూర్చుని ఉన్నారు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే కాస్త మా అమ్మాయికి అర్థమయ్యేలా రాయండి.

పెద్దాపురం_బాబ్జీ | సోమవారం, రాత్రి 8:40

ఓ అంటే ఓల్డ్ అండీ, హెచ్ అంటే హై. ఓ ఉంటే పాత జ్వరం, హెచ్ ఉంటే ఎక్కువ జ్వరం. మా ఊళ్లో ల్యాబ్ కుర్రోడు చెప్పేడు. ఇరవై ఏళ్లుగా అదే నమ్ముకుని బతికేస్తున్నాం.

మైక్రో_మూర్తి | సోమవారం, రాత్రి 9:25

బాబ్జీ గారూ, ఆ కుర్రాణ్ని నా దగ్గరికి పంపండి. రెండు రోజులు టెస్ట్‌ట్యూబులు కడిగిస్తాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్లుగా వైడాల్ చేస్తున్నాను. శ్రీలక్ష్మి గారూ, మీ అమ్మాయి అడిగినది మామూలు ప్రశ్న కాదు. ఆ రిపోర్టులోని రెండు అక్షరాలూ నిజంగానే బ్యాక్టీరియా ఒంటి మీద రెండు భాగాల పేర్లు.

హెచ్ అంటే కశాభాలు. క్రిమి ఈదడానికి వాడే పొడుగాటి తోకల్లాంటి పోగులు. ఓ అంటే దాని ఒంటి పైపొర మీద నిక్కబొడుచుకుని ఉండే చక్కెర గొలుసులు. అక్షరాలు జర్మన్ మాటల నుంచి వచ్చాయి. చలికాలంలో అద్దం మీద "హా" అని ఊదితే ఆవిరి పొర పడుతుంది చూడండి, దాన్ని జర్మన్‌లో 'హౌఖ్' అంటారు. ప్రోటియస్ అనే ఇంకో బ్యాక్టీరియా ప్లేటు మీద అచ్చం అలా పల్చటి పొరలా పాకేది. కశాభాలు లేని రకం పాకకుండా ఉన్నచోటే ముద్దగా పెరిగేది, అది 'ఓనే హౌఖ్', ఊపిరి పొర లేనిది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వైల్, ఫెలిక్స్ అనే ఇద్దరు పరిశోధకులు వాడిన గుర్తులివి. మన టైఫాయిడ్ రిపోర్టుల్లోకీ అవే వచ్చి కూర్చున్నాయి.

ఇక టెస్టులో ఏం చేస్తామంటే, చచ్చిన టైఫాయిడ్ క్రిములు కలిపిన రీజెంటు సీసాల్లో వస్తుంది. మా దగ్గరికొచ్చే కిట్లలో ఓ సీసా నీలం, హెచ్ సీసా ఎరుపు. స్లైడు మీద గుండ్రాల్లో పేషెంటు సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) ఒక్కో చుక్క వేసి, పక్కన రీజెంటు చుక్క వేసి, పుల్లతో కలిపి, ఒక నిమిషం అటూ ఇటూ ఊపుతాం. సీరంలో యాంటీబాడీలు (క్రిమిని పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లు) ఉంటే క్రిములు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

నాకు ఇప్పటికీ ముచ్చటేసేది ఇక్కడే. ఓ గుండ్రంలో వచ్చేది బొంబాయిరవ్వలా సన్నటి గట్టి పలుకులు. హెచ్ గుండ్రంలో వచ్చేది దూదిపింజల్లా వదులుగా, మెత్తగా ఉంటుంది. ఎందుకలా? ఓ గొలుసులు ఒంటికి అంటిపెట్టుకుని పొట్టిగా ఉంటాయి, కాబట్టి క్రిమికి క్రిమి ఒళ్లు ఆనించి అతుక్కుంటుంది. కశాభాలేమో క్రిమి కన్నా చాలా పొడుగు. అవి ఒకదానితో ఒకటి ముడిపడితే మధ్యలో క్రిములు ఎడంగానే ఉండిపోతాయి. కంటికి కనపడని క్రిమి నిర్మాణం కంటితోనే చూస్తున్నామన్నమాట.

1:160 అంటే సీరాన్ని 160 వంతులు పల్చన చేసినా ఇంకా అతుకుతోందని. అంతే.

రెండో_బెంచీ | సోమవారం, రాత్రి 10:05

మూర్తి సార్, సూపర్. నేను నీట్ లాంగ్‌టర్మ్. నాకో డౌటు. మా పుస్తకంలో బయటి నుంచి లోపలికి మూడే పొరలు చెప్పారు: గ్లైకోకేలిక్స్, కణకవచం, ప్లాస్మాత్వచం. మీరు చెప్పిన 'ఓ గొలుసులు' వీటిలో దేని మీద? కణకవచం మీదా?

లెక్చరర్_అనసూయ | సోమవారం, రాత్రి 11:10

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. రెండో బెంచీ, నీ డౌటు సరైన చోట పడింది నాన్నా. ఆ మూడు పొరల బొమ్మ అన్ని బ్యాక్టీరియాలకూ కలిపి గీసినది. టైఫాయిడ్ క్రిమికి ఇంకో పొర ఉంది, దాన్ని పుస్తకం ఒక్క వాక్యంలో దాటేస్తుంది.

లోపలి నుంచి బయటికి వద్దాం. మధ్యలో కణద్రవ్యం. దాని చుట్టూ ప్లాస్మాత్వచం, సన్నటి కొవ్వు పొర, సబ్బు బుడగంత నాజూకు. లోపల లవణాలు, చక్కెరలు, ప్రోటీన్లు చిక్కగా ఉంటాయి కనుక బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. స్టాఫిలోకాకస్ లాంటి వాటిలో ఈ ఒత్తిడి 20 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుంది. మన కారు టైరులో కొట్టించే గాలి రెండు అట్మాస్ఫియర్లకు అటూ ఇటూ. అంత ఒత్తిడికి ఉత్త త్వచం టప్పున పగిలిపోవాలి. పగలకుండా పట్టి ఉంచేది కణకవచం.

కణకవచాన్ని గోడ అనుకోకండి. మా అమ్మమ్మ ఇంట్లో నులక మంచం ఉండేది. బ్యాక్టీరియా కణకవచం అదే అల్లిక. రెండు రకాల చక్కెరలు ఒకటి విడిచి ఒకటిగా కూర్చిన పొడుగాటి తాళ్లు, వాటిని అడ్డంగా ముడివేసే చిన్న చిన్న అమైనో ఆమ్లాల ముక్కలు. దీని పేరే పెప్టిడోగ్లైకాన్. మొత్తం బ్యాక్టీరియా చుట్టూ ఒకే సంచిలా ఉంటుంది, ఒకే పెద్ద అణువు అనొచ్చు. మొక్కల్లో సెల్యులోజ్, శిలీంధ్రాల్లో కైటిన్. ఈ అల్లిక మాత్రం బ్యాక్టీరియాల సొత్తు.

ఇప్పుడు అసలు సంగతి. కొన్ని బ్యాక్టీరియాల్లో ఈ అల్లిక పరుపంత మందం, 20 నుంచి 80 నానోమీటర్లు. ఇంకొన్నింటిలో దుప్పటంత పల్చన, కొన్ని నానోమీటర్లే. ఆ పల్చటి దాని మీద ఇంకో త్వచం కప్పి ఉంటుంది, బాహ్యత్వచం. టైఫాయిడ్ క్రిమిది ఈ రెండో రకం. బాహ్యత్వచం పైవైపున నిండా లైపోపాలీశాకరైడ్ అనే అణువులు నాటుకుని ఉంటాయి, నారుమడిలో నారులా. వాటి వేళ్లు కొవ్వులో దిగి ఉంటాయి, ఆకులు బయటికి. ఆ ఆకులే మూర్తి గారి 'ఓ'.

1884లో బెర్లిన్‌లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ డాక్టరు ఊపిరితిత్తుల ముక్కల్లో క్రిములు కనపడాలని రంగులు వేస్తుంటే ఈ తేడా బయటపడింది. ఊదారంగు ఎక్కించి, అయొడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగితే మందపు అల్లిక రంగును పట్టుకుని ఉండిపోతుంది. పల్చటి అల్లికైతే వదిలేస్తుంది. వదిలేసిన వాటికి తర్వాత సాఫ్రనిన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. ఊదా అయితే గ్రామ్ పాజిటివ్, గులాబీ అయితే నెగెటివ్. గ్రామ్‌కి ఈ పొరల కథ తెలియదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాకే కారణం అర్థమైంది.

మైక్రో_మూర్తి | సోమవారం, రాత్రి 11:32

మేడమ్ గారు చెప్పిన ఆ "కడిగితే" దగ్గరే నా మొదటి ఉద్యోగంలో పరువు పోయింది. అసిటోన్ పోసి అయిదు సెకన్లలో నీళ్లు కొట్టాల్సింది, అవతల ఎవరో పిలిస్తే తిరిగి చూశాను. వచ్చి చూసేసరికి స్లైడంతా గులాబీ. చీము శాంపిల్‌లో ద్రాక్షగుత్తుల్లా స్టాఫ్ (స్టాఫిలోకాకస్) నిండా ఉంది, ఊదాగా రావాల్సినవన్నీ గులాబీ. గ్రామ్ నెగెటివ్ అని రాసేశాను. మా సీనియర్ స్లైడు చూసి ఒకే మాటన్నారు: "ఆకారం చూశావా, రంగే చూశావా?" అప్పట్నుంచి పక్కన ఊదాగా వచ్చే స్టాఫ్ ఒకటి, గులాబీగా వచ్చే ఈ.కోలై ఒకటి చుక్కపెట్టి కంట్రోలుగా రంగేస్తాను.

డాలస్_దామోదర్ | మంగళవారం, ఉదయం 6:50

ఇక్కడ సాయంత్రం, టీ తాగుతూ చదువుతున్నా. అమెరికా రాకముందు హైదరాబాద్‌లో ఇంజెక్షన్లు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ఎనిమిదేళ్లు చేశాను. అనసూయ గారు చెప్పిన ఆ నారు 'వేళ్లు' మా ఉద్యోగాలకు ప్రాణసంకటం.

లైపోపాలీశాకరైడ్‌లో కొవ్వు భాగాన్ని లిపిడ్ ఏ అంటారు. మన ఒంట్లో తెల్లకణాలు దీన్ని ఆనవాలు పట్టాయంటే వెంటనే జ్వరం, చలి, వణుకు. ఎండోటాక్సిన్ అనేది దీన్నే. మీ అమ్మాయికి వచ్చిన జ్వరంలో దీని వాటా ఉంది శ్రీలక్ష్మి గారూ.

చిత్రమేమిటంటే, బ్యాక్టీరియా చచ్చినా ఇది చావదు. ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర పెట్టినా క్రిమి పోతుంది, ఎండోటాక్సిన్ మిగులుతుంది. అందుకే గాజు సీసాలను 250 డిగ్రీల పొడివేడిలో అరగంట కాలుస్తాం. మందులో ఎండోటాక్సిన్ ఉందో లేదో చూడటానికి గుర్రపునాడా పీత రక్తం నుంచి తీసిన రీజెంటు వాడేవాళ్లం. ఆ పీత రక్తం నీలంగా ఉంటుంది, రాగి వల్ల. రవ్వంత ఎండోటాక్సిన్ తగిలినా గడ్డకడుతుంది. రాత్రి షిఫ్టులో ట్యూబు తలకిందులు చేసినప్పుడు గడ్డ జారకుండా నిలబడితే ఆ బ్యాచ్ మొత్తం పాయె. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

శ్రీలక్ష్మి_తెనాలి | మంగళవారం, ఉదయం 9:20

అందరికీ చాలా థాంక్సండీ. మా అమ్మాయి చదివి నులక మంచం అంటే ఏంటని అడిగింది. పక్కింటి వాళ్ల పెరట్లో ఉంటే చూపించాను!

ఇంకో ప్రశ్న వేసింది. ఆస్పత్రిలో సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ చేశారు, ఇంటికి అజిత్రోమైసిన్ రాశారు. "ఇవి క్రిమిని చంపుతాయి సరే, నన్నెందుకు చంపవు? నావీ కణాలే కదా" అంటోంది. నాక్కూడా భయమేసింది.

రెండో_బెంచీ | మంగళవారం, ఉదయం 9:45

ఇది నేను చెప్తా. సెఫ్‌ట్రయాక్సోన్ కణకవచం మీద పనిచేస్తుంది, మన కణాలకు కణకవచమే లేదు. అజిత్రోమైసిన్ ప్రోటీన్లు తయారుచేసే రైబోసోమ్ మీద పనిచేస్తుంది, బ్యాక్టీరియాది 70ఎస్, మనది 80ఎస్. ఇందులో 70ఎస్ అంటే 50ఎస్ ప్లస్ 30ఎస్. కూడితే 80 రావాలి కదా అని అడక్కండి, మా సార్ కూడా "అది అంతే" అన్నారు.

లెక్చరర్_అనసూయ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

"అది అంతే" అనడానికేం లేదు. ఎస్ అంటే బరువు కాదు, స్వెడ్‌బర్గ్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పేరు మీద కొలత. సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే ఎంత వేగంగా అడుక్కి దిగుతుందో చెబుతుంది. వేగం బరువు మీదే కాదు, ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. గొడుగు తెరిచి వదిలితే ఒకలా పడుతుంది, మూసి వదిలితే ఒకలా పడుతుంది కదా. రెండు ముక్కలు అతుక్కుంటే ఆకారం మారిపోయింది, ఇక వేగాలు ఎలా కూడతావు?

మిగతాది సరిగ్గా చెప్పావు. ఒక్క ముక్క కలుపుతాను. సెఫ్‌ట్రయాక్సోన్, పెన్సిలిన్ లాంటివి కణకవచాన్ని కోసేయవు. నులక తాళ్ల మధ్య ముడివేసే ఎంజైము చేతులు కట్టేస్తాయి. క్రిమి పెరగాలంటే పాత ముడులు విప్పి కొత్తవి వేసుకోవాలి. విప్పడం జరుగుతూ ఉంటుంది, వేయడం ఆగిపోతుంది. చివరికి లోపలి ఒత్తిడికి తనే పగిలిపోతుంది. పెరగకుండా పడుకున్న క్రిమి మీద ఈ మందు పెద్దగా పనిచేయకపోవడానికి కారణం ఇదే.

మరి మామూలు పెన్సిలిన్ టైఫాయిడ్‌కు ఎందుకు వాడరు? బాహ్యత్వచం అడ్డు. అందులో పోరిన్లు అనే సన్నటి గొట్టాలు ఉంటాయి, అన్ని మందులూ వాటిలో దూరలేవు.

అజిత్రోమైసిన్ 50ఎస్ ముక్కలో కూర్చుని, తయారవుతున్న ప్రోటీన్ బయటికి వచ్చే దారి మూసేస్తుంది. వెనకటికి టైఫాయిడ్‌కు ఇచ్చిన క్లోరాంఫెనికాల్ కూడా 50ఎస్ మీదే. 1948లో అది వచ్చాక టైఫాయిడ్ అంటే ప్రాణభయం తగ్గింది. కానీ మన మైటోకాండ్రియాల్లోని రైబోసోమ్‌లు బ్యాక్టీరియా వాటికి దగ్గరి చుట్టాలు. అందుకే ఆ మందు ఎక్కువైతే ఎముక మజ్జ దెబ్బతినేది. కాబట్టి మీ అమ్మాయి భయం పూర్తిగా తప్పు కాదు. తేడా ఎంత ఎక్కువున్న భాగాన్ని కొడితే మనకు అంత క్షేమం. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు వేయండి, జ్వరం తగ్గిందని ఆపకండి.

మన తెలుగువాళ్లు గుర్తుంచుకోవలసిన పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి. 1948లోనే లెడర్లే కంపెనీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. దాన్ని కనిపెట్టినది డగ్గర్ అయినా, అక్కడ పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ మందు కొట్టేది 30ఎస్ ముక్కని.

పెద్దాపురం_బాబ్జీ | మంగళవారం, మధ్యాహ్నం 2:00

భీమవరం అంటే మా పక్క జిల్లానేనండోయ్. ఇందాకటి ఓల్డ్, హై సంగతి అందరూ మరిచిపోవాలని మనవి.

కరీంనగర్_కవిత | మంగళవారం, సాయంత్రం 5:30

మా బాబుకు పదకొండు నెలలు. టైఫాయిడ్ టీకా వేయించుమన్నరు. నా చిన్నప్పుడు రెండేళ్లు నిండినంకనే ఏస్తరు అన్నరు. ఇప్పుడెట్ల వేస్తున్నరు? ఆ టీకాల ఓ ఉంటదా, హెచ్ ఉంటదా?

లెక్చరర్_అనసూయ | మంగళవారం, రాత్రి 8:50

కవిత గారూ, రెండూ కాదు. మూడో అక్షరం ఉంది, వీఐ. రెండో బెంచీ చెప్పిన గ్లైకోకేలిక్స్ గుర్తుందా, అన్నింటికన్నా బయటి పొర? అది వదులుగా ఉంటే జిగురుపొర, గట్టిగా ఉంటే క్యాప్సూల్. టైఫాయిడ్ క్రిమి క్యాప్సూల్ పేరు వీఐ.

దాని పని దాక్కోవడం. ముసుగులా కప్పేసి ఓ గొలుసులను, లిపిడ్ ఏ ని మన తెల్లకణాల కంటపడనీయదు. 1934లో ఫెలిక్స్, పిట్ దీన్ని పట్టుకున్నది ఎలాగంటే, రోగుల నుంచి అప్పుడే తీసిన కొన్ని క్రిములు ఓ యాంటీబాడీలకు అతుక్కోవడం లేదు. వేడి చేస్తే అతుక్కున్నాయి. వేడికి ముసుగు జారిపోయి ఓ బయటపడిందన్నమాట. (ఓ చక్కెర కాబట్టి ఉడికించినా చెక్కుచెదరదు, హెచ్ ప్రోటీన్ కాబట్టి పాడవుతుంది. కోడిగుడ్డు తెల్లసొన లెక్క.)

పాత టీకాలో ఉత్త వీఐ చక్కెర ఉండేది. రెండేళ్ల లోపు పిల్లల రోగనిరోధక వ్యవస్థ ఉత్త చక్కెర గొలుసులను పెద్దగా పట్టించుకోదు. దాన్ని టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీన్‌కు అతికిస్తే పట్టించుకుంటుంది. అదే కాంజుగేట్ టీకా, ఆరు నెలల నుంచి వేయొచ్చు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ ఈ రకమే. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా అది. బాబుకు ఎప్పుడు వేయించాలో మీ పిల్లల డాక్టరు చెప్తారు.

డాలస్_దామోదర్ | బుధవారం, ఉదయం 7:15

దీనికి తోక ఒకటి ఉంది. 2016 నుంచి పాకిస్తాన్ సింధ్‌లో మందులకు లొంగని టైఫాయిడ్ పెద్దఎత్తున వచ్చింది. మొదలైన ఊళ్లలో ఒకటి హైదరాబాద్, వాళ్ల హైదరాబాద్. సెఫ్‌ట్రయాక్సోన్ కూడా పనిచేయలేదు, నోటి మాత్రల్లో మిగిలింది అజిత్రోమైసినే. అప్పుడు అక్కడి పిల్లలకు వేసింది మన హైదరాబాద్‌లో తయారైన టీకా.

ఆ క్రిమికి అంత బలం ఎక్కడిదంటే ప్లాస్మిడ్. బ్యాక్టీరియా అసలు డీఎన్‌ఏ కాక పక్కన విడిగా తిరిగే చిన్న డీఎన్‌ఏ చుట్ట. పుస్తకంలో ఒక చిన్న సున్నా గీసి వదిలేస్తారు. సెఫ్‌ట్రయాక్సోన్‌ను ముక్కలు చేసే ఎంజైము జన్యువు దాని మీద ఉంది. పేగుల్లో ఉండే వేరే బ్యాక్టీరియాల మధ్య తిరిగే రకం ప్లాస్మిడ్ అది. ఆ సున్నాను చిన్నచూపు చూడకండి.

రెండో_బెంచీ | బుధవారం, ఉదయం 8:00

డీఎన్‌ఏ మాట వచ్చింది కాబట్టి, కేంద్రకం లేకుండా అంత డీఎన్‌ఏ లోపల ఎలా సర్దుకుంటుంది మేడమ్? చిక్కుపడదా?

లెక్చరర్_అనసూయ | బుధవారం, మధ్యాహ్నం 1:40

లెక్క వేద్దాం. టైఫాయిడ్ క్రిమి డీఎన్‌ఏలో దాదాపు 48 లక్షల బేస్ జతలు. జతకు 0.34 నానోమీటర్లు. తెంపి చాపితే 1.6 మిల్లీమీటర్లు వస్తుంది. క్రిమి పొడవు రెండు మూడు మైక్రోమీటర్లే. జానెడు పెట్టెలో నూరు మీటర్లకు పైగా దారం కుక్కినట్టు.

కిటుకు 'పురి'. తాడుకు పురి ఎక్కిస్తూ పోతే ఒక దశలో తనంతట తనే మెలికలు తిరిగి దగ్గరికి వచ్చేస్తుంది. గైరేజ్ అనే ఎంజైము బ్యాక్టీరియా డీఎన్‌ఏ పురిని ఇలా మెలికలు పడేలా మార్చి పెడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కొట్టేది దీన్నే. ఒకప్పుడు టైఫాయిడ్‌కు అదే మందు, ఇప్పుడు మన దేశంలో చాలా క్రిములు దానికి లొంగడం లేదు. ఇలా మెలికపడి కణం మధ్యలో ముద్దగా ఉన్న డీఎన్‌ఏ ప్రాంతమే కేంద్రకాభం. చుట్టూ పొర లేదు.

పొర లేకపోవడంలో ఒక లాభం ఉంది. మన కణాల్లో ఆర్ఎన్‌ఏ కేంద్రకంలో తయారై బయటికి రావాలి, అప్పుడు రైబోసోమ్ పని మొదలు. ఇక్కడ ఆర్ఎన్‌ఏ ఒకవైపు తయారవుతుండగానే రెండోవైపు రైబోసోమ్‌లు ఎక్కి ప్రోటీన్ అల్లడం మొదలుపెడతాయి. బజ్జీలు ఒకపక్క వేస్తుంటే ఇంకోపక్క తినేసినట్టు.

రెండో_బెంచీ | బుధవారం, మధ్యాహ్నం 2:10

లాస్ట్ డౌట్. మీసోసోమ్. పుస్తకంలో ప్లాస్మాత్వచం లోపలికి ముడుచుకుని ఉంటుంది, శ్వాసక్రియకు, డీఎన్‌ఏ పంచడానికి సాయపడుతుంది అని ఉంది. ఒక వీడియోలో అసలు మీసోసోమ్ అనేదే లేదు అన్నారు. ఏది రాయాలి?

మైక్రో_మూర్తి | బుధవారం, మధ్యాహ్నం 2:35

పుస్తకంలో ఉన్నది రాయి బాబూ. మార్కులు వాళ్లు వేస్తారు, వీడియో వేయదు.

లెక్చరర్_అనసూయ | బుధవారం, రాత్రి 9:00

పరీక్షలో మూర్తి గారి మాట విను. కానీ నిజం వేరే. ఇది చెప్పకుండా ఉండలేను, ఏటా క్లాసులో చెబుతాను, ఏటా ఎవరో ఒకరు "మరి పుస్తకంలో ఎందుకుంది మేడమ్" అంటారు.

1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బ్యాక్టీరియాను పెట్టాలంటే ముందు రసాయనాలతో బిగించాలి, నీళ్లు తీసేయాలి, ప్లాస్టిక్‌లో పోత పోసి పల్చటి ముక్కలు కోయాలి. అలా చూసినప్పుడు, ఎక్కువగా బాసిల్లస్ లాంటి గ్రామ్ పాజిటివ్ వాటిలో, త్వచం నుంచి లోపలికి చుట్టలు చుట్టుకున్న సంచులు కనిపించాయి. పేరు పెట్టారు. పేరు పెట్టాక పని కూడా కావాలి కదా, ఒక్కొక్కరూ ఒక్కో పని అంటగట్టారు. మైటోకాండ్రియా లేని లోటు ఇది తీరుస్తుందేమో అనుకున్నారు.

తర్వాత రసాయనాలు లేకుండా కణాన్ని ఒక్కసారిగా గడ్డకట్టించి చూసే పద్ధతులు వచ్చాయి. వాటిలో సంచులు కనపడలేదు. 1983లో జాక్ దుబోషే బృందం నీళ్లు ఉన్నపళంగా గడ్డకట్టిన బ్యాక్టీరియాను చూసినప్పుడూ లేవు. రసాయనాలకు త్వచం ముడుచుకుపోతే వచ్చిన మెలికలే మీసోసోమ్‌లు. ఆ గడ్డకట్టించే పద్ధతిలో చేసిన కృషికే దుబోషేకు ఇంకో ఇద్దరితో కలిపి 2017లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. శ్వాసక్రియ మామూలు ప్లాస్మాత్వచం మీదే జరుగుతుంది, దానికి వేరే సంచి అక్కర్లేదు.

మైక్రో_మూర్తి | బుధవారం, రాత్రి 9:20

మేడమ్, అలా అయితే తప్పని తెలిసీ పిల్లల చేత రాయించడం ఏమిటి? నేను మార్కుల కోసం అన్నాను గానీ, ఇది చదివాక నాకే నచ్చడం లేదు.

లెక్చరర్_అనసూయ | బుధవారం, రాత్రి 9:45

నాకూ నచ్చదు మూర్తి గారూ. ఆబ్జెక్టివ్ పేపర్లో ఆ పిల్లాడికి వాదించే చోటు లేదు, ఒక గడి నింపాలి. నేను నా డిగ్రీ పేపర్లలో ఆ ప్రశ్న ఇవ్వడం మానేశాను, నా చేతిలో ఉన్నది అంతే. ఎవరైనా "రసాయన స్థిరీకరణ వల్ల కలిగిన భ్రాంతి" అని రాస్తే ఒక మార్కు ఎక్కువ వేస్తాను.

శ్రీలక్ష్మి_తెనాలి | గురువారం, ఉదయం 10:10

మా వారు అడుగుతున్నారు, వచ్చే వారం మళ్లీ వైడాల్ చేయించి తగ్గిందో లేదో చూద్దామా అని.

మైక్రో_మూర్తి | గురువారం, ఉదయం 10:30

వద్దండీ. వైడాల్ చూసేది క్రిమిని కాదు, మీ అమ్మాయి ఒంట్లోని యాంటీబాడీలను. జ్వరం పోయాక కూడా అవి నెలల తరబడి ఉంటాయి, హెచ్ అయితే ఇంకా ఎక్కువ కాలం. మళ్లీ చేస్తే మళ్లీ పాజిటివ్ వస్తుంది, మీకు మళ్లీ కంగారు. ఇంట్లో మిగతావాళ్లకు చేసినా కొందరికి వస్తుంది, మన ప్రాంతాల్లో ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి తగలని వాళ్లు తక్కువ. వేరే క్రిములకూ ఇలాంటి ఓ గొలుసులు ఉంటాయి, వాటి వల్లా రావచ్చు. మీ డాక్టరు గారు కల్చర్ పంపడం మంచి పని చేశారు, వైడాల్ ఒక్కటే చూసి టైఫాయిడ్ అనకూడదు. నేను చేసే టెస్టు గురించి నేనే ఇలా చెబుతున్నానని మా ఓనరుకు చెప్పకండి.

శ్రీలక్ష్మి_తెనాలి | గురువారం, సాయంత్రం 6:05

నమస్తే, నేను వాళ్ల అమ్మాయిని, అమ్మ ఫోన్ నుంచి రాస్తున్నా. అందరికీ థాంక్యూ. బొమ్మ మళ్లీ గీశాను. బయట వీఐ ముసుగు, కింద ఓ నారు, బాహ్యత్వచం, పల్చటి నులక, ప్లాస్మాత్వచం. లోపల పురి ఎక్కిన డీఎన్‌ఏ, ఒక ప్లాస్మిడ్, చుక్కలుగా రైబోసోమ్‌లు. మీసోసోమ్ పెన్సిల్‌తో గీశాను, తర్వాత చెరపొచ్చని. కానీ మా పుస్తకం బొమ్మలో కశాభం ఒక్కటే ఉంది, వెనకాల తోకలా. టైఫాయిడ్ క్రిమికి కూడా ఒక్కటేనా?

లెక్చరర్_అనసూయ | గురువారం, రాత్రి 8:30

కాదమ్మా, ఒక్కటే తోక కలరా క్రిమికి. నీ దానికి ఒంటి చుట్టూ ఉంటాయి. ఒక్కోదాని మొదట్లో త్వచంలో బిగించిన చిన్న మోటారు ఉంటుంది, ప్రోటాన్లు లోపలికి పారుతుంటే తిరుగుతుంది. అన్నీ ఒకవైపు తిరిగితే జడలా కలిసిపోయి సూటిగా ఈదుతుంది. ఎదురు తిరిగితే జడ విడిపోయి క్రిమి గింగిరాలు కొడుతుంది. ఒక ఆరేడు గియ్యి. పొడుగ్గా, క్రిమి కన్నా పొడుగ్గా.

పెద్దాపురం_బాబ్జీ | గురువారం, రాత్రి 8:42

పేజీ సరిపోదేమోనమ్మా, అడ్డంగా తిప్పి గియ్యి.